సేత్: పుట్టినరోజు తెలిసిన ఊరు

మధ్యధరా తీరంలో ఏ ఊరి చరిత్ర తవ్వినా అడుగున మరో ఊరు తగులుతుంది. రోమన్ల గోడల కింద గ్రీకుల గోడలు, వాటి కింద ఇంకెవరివో. ఎప్పుడు పుట్టిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. దక్షిణ ఫ్రాన్స్‌లోని సేత్‌కు మాత్రం పుట్టినరోజు ఉంది: 1666 జూలై 29. ఆ రోజు ఓడరేవు అడ్డుగోడకు మొదటి రాయి వేశారు. ఆ శుభకార్యానికి పడవల మీద బల్లేల పోటీ పెట్టారు. ఊరూ ఆటా ఒకే రోజున పుట్టాయి. మూడున్నర శతాబ్దాలు దాటినా రెండూ విడిపోలేదు.

అంతకు ముందు అక్కడ ఊరని చెప్పుకోదగ్గ ఊరు లేదు. ఒకవైపు సముద్రం, మరోవైపు థో అనే ఉప్పునీటి సరస్సు, మధ్యలో సన్నటి ఇసుక మేట, ఆ మేట మీద ఒంటరిగా సెయింట్ క్లేర్ కొండ. కొండ ఎత్తు రెండు వందల మీటర్లు కూడా ఉండదు. చుట్టూ అంతా చదునే కాబట్టి దూరం నుంచి వచ్చే ఓడలకు అది నీళ్లలో పడుకున్న తిమింగలంలా కనిపించేదంటారు. ఊరి చిహ్నంలో తిమింగలం బొమ్మ ఈనాటికీ ఉంది.

అలాంటి చోటును పద్నాలుగో లూయీ రాజు ఏరి కోరి తీసుకోవడానికి కారణం ఒక కాలువ. అట్లాంటిక్ నుంచి మధ్యధరాకు సరుకు చేరాలంటే ఓడలు స్పెయిన్‌ను చుట్టి, జిబ్రాల్టర్ దాటి రావాలి. దారిలో తుపాన్లు, సముద్రపు దొంగలు, శత్రు నౌకలు. ఫ్రాన్స్ లోపలి నుంచే నీటిదారి తవ్వితే ఈ బెడద ఉండదని పియేర్ పోల్ రికే అనే ఉప్పుపన్ను అధికారి మంత్రి కోల్బేర్‌ను ఒప్పించాడు. తూలూజ్ నుంచి థో సరస్సు దాకా 240 కిలోమీటర్ల పొడవున సాగిన ఆ కాలువే కనాల్ ద్యు మిడి. సరస్సులోకి వచ్చిన పడవలు సముద్రంలోకి దిగాలంటే ఒక రేవు కావాలి. ఆ రేవే సేత్. సైన్యపు ఇంజనీరు క్లెర్‌విల్ నక్షా గీశాడు. అడ్డుగోడకు రాయి సెయింట్ క్లేర్ కొండనే తొలిచి తెచ్చారు. కాలువలోకి పడవలు రావడం 1681లో మొదలైంది. తన సొంత ఆస్తిని కూడా దీనికే ధారపోసిన రికే ఆ రోజు చూడలేదు, అంతకు కొన్ని నెలల ముందే కన్నుమూశాడు.

రేవు కట్టారు సరే, మనుషులు ఎక్కడినుంచి వస్తారు? 1673లో రాజు ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఇక్కడ ఎవరైనా ఇల్లు కట్టుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, వచ్చినవారికి పన్నుల్లో వెసులుబాటు ఉంటుంది. సేత్ స్వభావానికి వేరు ఇక్కడే ఉంది. ఇది తాతముత్తాతల ఊరు కాదు, వచ్చి చేరినవారి ఊరు. రాజు వేసింది రాళ్లు. ఊరికి ప్రాణం పోసింది పొట్టకూటికి వచ్చినవాళ్లు.

ఇసుకతో పోరు మాత్రం మొదటి రోజు నుంచీ ఉన్నదే. అలలు తెచ్చి మొగలో పోసే ఇసుకను తవ్విపోయకపోతే రేవు పూడుకుపోతుంది. శత్రువుల పోరు అంతకాలం సాగలేదు. 1710లో ఇంగ్లండ్ సేనలు దిగి ఊరిని పట్టుకున్నా కొద్ది రోజుల్లోనే వెనుదిరిగాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో సేత్‌ను బతికించింది ద్రాక్షసారా. 1839లోనే మోంపెలియే నుంచి రైలు వచ్చింది. ఫ్రాన్స్‌లోని తొలి రైలు మార్గాల్లో అదొకటి. కాలువల గట్ల వెంట పీపాలు చేసేవారి కొట్టాలు, సారా గోదాములు వరుసగా లేచాయి. 1870ల్లో ఫిలోక్సెరా అనే పురుగు చుట్టుపక్కల ద్రాక్షతోటలను తుడిచిపెట్టింది. వ్యాపారులు దిగుమతుల వైపు తిరిగారు. అల్జీరియా సారా ఓడలకొద్దీ సేత్‌లో దిగింది. 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాక ఆ వ్యాపారం క్రమంగా పడిపోయింది. ఎవరో దూరాన తీసుకున్న నిర్ణయంతో పుట్టిన ఊరికి, దూరాన జరిగిన మార్పులే కష్టాలూ తెచ్చిపెట్టాయి.

ఊరి పేరును కూడా మార్చుకోవలసి వచ్చింది. ఉచ్చారణ అదే అయినా పాత రాతలో ఆ పేరు ఫ్రెంచిలో 'ఈ' అని చూపించే మాటలాగే ఉండేది. చదివేవారికి తికమక. 1920ల చివర్లో అక్షరాలు మార్చి ఇప్పటి రూపానికి తెచ్చారు.

ఈ కాలమంతా ఇటలీ నుంచి జాలర్లు వస్తూనే ఉన్నారు. ముఖ్యంగా గయేటా నుంచి, అమాల్ఫీ తీరాన ఉన్న చెతారా నుంచి. కొండవాలున 'పై పేట' అని పిలిచే చోట ఇరుకు సందుల్లో కాపురాలు పెట్టారు. వారు తెచ్చిన వంటకమే ఈనాడు ఊరికి గుర్తుగా నిలిచిన తియెల్. రొట్టెపిండితో చేసిన గుండ్రటి గిన్నెలాంటి అడుగు, అందులో సన్నగా తరిగిన ఆక్టోపస్, టమాటా, కాస్త కారం. పైన మరో పలుచని పొర పరిచి, మన కజ్జికాయ అంచు మడిచినట్టు చుట్టూ వేళ్లతో నొక్కి కాలుస్తారు. టమాటా నూనె ఊరి పైపొర నారింజ రంగుకు తిరుగుతుంది. ఒకప్పుడు ఇది జాలరి ఇంట్లో మిగిలిన చేపలతో సర్దుకునే తిండి. దాన్ని 1930ల్లో బండి మీద పెట్టి అమ్మడం మొదలైంది. ఇప్పుడు ఊళ్లో దొరకని వీధి లేదు.

ఊరి పేరు ఫ్రాన్స్ అంతటా మోగించిన ఇద్దరూ ఇలా వచ్చినవారి పిల్లలే. పోల్ వలేరీ 1871లో ఇక్కడ పుట్టాడు. తండ్రి కోర్సికా నుంచి వచ్చిన కస్టమ్స్ ఉద్యోగి, తల్లి ఇటాలియన్ కుటుంబపు ఆడపడుచు. సముద్రం వైపు కొండవాలున తెల్లటి సమాధుల మెట్లుగా దిగే శ్మశానం మీద 1920లో ఆయన రాసిన 'సముద్ర శ్మశానం' ఫ్రెంచి కవిత్వంలో శిఖరాల్లో ఒకటి. 1945లో కవి పోయాక అక్కడే ఖననం చేశారు. కవిత పేరునే శ్మశానానికి పెట్టారు. ఒక స్థలం కవితకు పేరివ్వడం సాధారణం. కవిత స్థలానికి పేరు ఇవ్వడం అరుదు.

రెండోవాడు జార్జ్ బ్రాసాన్స్. 1921లో పుట్టాడు. తండ్రి తాపీ మేస్త్రీ, తల్లిది దక్షిణ ఇటలీ మూలం. గిటారు పట్టుకుని పాడిన పాటలతో ఫ్రెంచివారి నాలుకల మీద నిలిచాడు. తనను సేత్ సముద్రతీరపు ఇసుకలో పాతిపెట్టమని వేడుకుంటూ 1966లో ఒక పెద్ద పాట కట్టాడు. అందులో వలేరీకి దండం పెట్టి, తన సమాధి ఆయన సమాధికంటే సముద్రానికి దగ్గరగా ఉండాలని కోరుకున్నాడు. 1981లో ఆయనను పాతిపెట్టింది ఇసుకలో కాదు, థో సరస్సు వైపున్న లె పీ శ్మశానంలో. ఊరివాళ్లు దాన్ని పేదల శ్మశానం అంటారు. ఆయనకు అదే తగిన చోటనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం రేవును నేలమట్టం చేసింది. 1944 ఆగస్టులో జర్మన్లు వెళ్తూ వెళ్తూ కట్టడాలను పేల్చేశారు. మూడేళ్లకు, 1947 జూలైలో, అదే రేవు నుంచి 'ఎక్సోడస్' ఓడ సుమారు 4,500 మంది యూదు శరణార్థులతో పాలస్తీనాకు బయలుదేరింది. బ్రిటిష్ నౌకాదళం దాన్ని అడ్డుకుని అందరినీ వెనక్కి పంపింది. ఆ ఉదంతం ప్రపంచాన్ని కదిలించింది.

యుద్ధకాలంలో బెల్జియం నుంచి పారిపోయి వచ్చిన ఒక కుటుంబం ఇక్కడ పడవలో కాపురం ఉంది. ఆ ఇంటి అమ్మాయి ఆన్యెస్ వర్దా. సరస్సు ఒడ్డున లా పోయింత్ కుర్త్ అనే జాలరిపేట ఉంది. చెక్క పాకలు, ఆరబెట్టిన వలలు, ఆల్చిప్పలు పెంచేవారి సామాన్లు. వర్దా పాతికేళ్లు దాటీ దాటగానే ఆ పేట పేరుతోనే తొలి సినిమా తీసింది. ప్రధాన జంట తప్ప తెర మీద కనిపించేవారిలో ఎక్కువమంది పేట జాలర్లే. 1955 నాటి ఆ సినిమాను ఫ్రెంచి కొత్త సినిమా ఉద్యమానికి నాందిగా విమర్శకులు లెక్కిస్తారు.

ఇక పడవ పోటీ. ఊరి మధ్య నుంచి సాగే రాజకాలువలో ఎరుపు పడవ ఒకటి, నీలం పడవ ఒకటి. ప్రతి పడవ వెనుక భాగం నుంచి నిచ్చెనలాంటి కట్టడం నీళ్ల మీదికి ఎత్తుగా లేస్తుంది. దాని కొసన చిన్న చెక్కబల్ల. తెల్లబట్టల్లో ఉన్న పోటీదారు దాని మీద నిలబడి ఎడమచేత చెక్క డాలు, కుడిచేత 2.80 మీటర్ల బల్లెం పట్టుకుంటాడు. పడవలోనే కూర్చుని ఒకరు సన్నాయి లాంటి వాద్యం ఊదుతుంటే, మరొకరు డోలు కొడుతుంటే, తెడ్లవాళ్లు బలంకొద్దీ లాగుతారు. రెండు పడవలు ఎదురెదురుగా దూసుకువచ్చి పక్కపక్కగా దాటే క్షణంలో బల్లేలు డాళ్లకు తగులుతాయి. ఫట్‌మన్న చప్పుడు. ఒకడు నీళ్లలో పడతాడు, గట్టున జనం లేచి అరుస్తారు.

సేత్‌లో పిల్లలు ఇప్పటికీ చక్రాల బండ్ల మీద నిలబడి సాధన చేస్తారు. రేవు కూలీలు, జాలర్లు, మేస్త్రీల కుటుంబాల్లో ఇది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య.

నేటి సేత్ జనాభా సుమారు 44,000. మధ్యధరాలో ఫ్రాన్స్‌కున్న ప్రధాన ట్యూనా పడవల రేవు ఇదే. సరస్సులో ఆల్చిప్పల పెంపకం సాగుతోంది. ఈ ఊరిని దాని పనిలో, పండగలో చూడాలనుకునేవారు ఆగస్టు 25కు అటూ ఇటూగా వెళ్లాలి. 1743 నుంచి జరుగుతున్న సెయింట్ లూయీ పోటీలు ఆ రోజుల్లోనే. అసలు పోరు, బరువైన పోటీదారులది, సోమవారం మధ్యాహ్నం.