క్విబెక్ వంతెన, ఇనుప ఉంగరం, ఇంజినీరు లైసెన్సు: కెనడా వృత్తి నియంత్రణ పుట్టుకపై ఒక పరిశీలన

కెనడాలో ఇంజినీరింగ్ వృత్తికి లైసెన్సు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు బాగా ప్రచారంలో ఉన్న సమాధానం ఒకటుంది. 1907లో సెయింట్ లారెన్స్ నదిపై కడుతున్న క్విబెక్ వంతెన కూలిపోయింది. ఆ ఘోరం చూసి ప్రభుత్వాలు చట్టాలు తెచ్చాయి. కూలిన వంతెన ఇనుముతోనే అక్కడి ఇంజినీర్లు చిటికెన వేలికి ఉంగరాలు చేయించుకున్నారు. ఈ మూడు మాటలనూ కలిపి చెప్పడం పరిపాటి అయింది. తేదీలను వరుసగా పేర్చి చూస్తే మాత్రం, వీటిని ఒకదాని నుంచి ఒకటి పుట్టినవిగా చెప్పడానికి ఆధారం బలంగా కనబడదు.

1. ముందుగా ప్రమాదం సంగతి. 1907 ఆగస్టు 29 సాయంత్రం, ఆ రోజు పని ముగియబోతున్న వేళ, వంతెన దక్షిణ భాగం నదిలో పడిపోయింది. మృతులు 75 మంది అని ఎక్కువ కథనాలు, 76 అని కొన్ని చెబుతాయి. వారిలో కానవాకేకు చెందిన మోహాక్ ఆదివాసీ కార్మికులు 33 మంది అని ఒక లెక్క, 35 అని మరో లెక్క. తిరిగి కడుతున్నప్పుడు, 1916 సెప్టెంబరు 11న, మధ్య భాగాన్ని పైకెత్తుతుండగా అది జారి నీటిలో పడింది. అప్పటి మృతులు 13 మంది అన్నది ఎక్కువగా కనబడే సంఖ్య. 11 అన్నవారూ ఉన్నారు. రెండు ప్రమాదాల సంఖ్యలనూ కలిపి 88 అని రాసే అలవాటు కూడా ఉంది కనుక, ఒక కథనంలోని అంకెను మరో కథనంతో పోల్చేటప్పుడు అది ఏ ప్రమాదానికి సంబంధించినదో చూసుకోవడం అవసరం.

కారణాల విషయంలో ఇంత గందరగోళం లేదు. హోల్గేట్, కెర్రీ, గాల్‌బ్రైత్ అనే ముగ్గురు ఇంజినీర్లతో ఏర్పడిన రాయల్ కమిషన్ 1908లో నివేదిక ఇచ్చింది. వంతెన ప్రధాన భాగం నిడివిని 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచారు. దానికి తగినట్టు వంతెన సొంత బరువును తిరిగి లెక్కించలేదు. అసలు బరువు అంచనాను మించిందని తర్వాత తేలినా, పెరిగిన ఒత్తిడిని ఉక్కు తట్టుకోగలదని సలహా ఇంజినీరు థియోడర్ కూపర్ అంగీకరించారు. కూపర్ ఉండేది న్యూయార్క్‌లో. కట్టడం దగ్గర ఆయన తరఫున ఉన్నది నార్మన్ మెక్‌లూర్ అనే యువ ఇంజినీరు.

ఆగస్టు చివరి రోజుల్లో కింది వరుసలోని ఏ9ఎల్ అనే భాగంలో ముప్పాతిక అంగుళం ఉన్న వంపు దాదాపు వారం రోజుల్లో రెండుంబావు అంగుళాలైంది. ఆ వంపు ఫ్యాక్టరీలో ఉన్నప్పటిదేనని నిర్మాణ సంస్థ వారిలో కొందరు వాదించారు. మెక్‌లూర్ ఈ కొలతలు పట్టుకుని న్యూయార్క్ వెళ్లారు. 29వ తేదీ మధ్యాహ్నం కూపర్ ఇక బరువు పెంచవద్దని తంతి ఇచ్చారు. అయితే ఆ తంతి వెళ్లింది పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్‌లో ఉన్న ఆ నిర్మాణ సంస్థకు. క్విబెక్‌లో పని జరుగుతున్న చోటికి కాదు. వంపు పెరుగుతోందని తెలిసినవారు కట్టడం దగ్గరే ఉన్నారు, పని ఆపించే అధికారం ఉన్న మనిషి అక్కడ లేడు. ఈ వ్యాసకర్త దృష్టిలో మొత్తం నివేదికలో అన్నింటికంటే బాధ కలిగించే అంశం ఇదే.

లైసెన్సు వాదానికి కీలకమైనది కమిషన్ తీర్పులోని మరో భాగం. కూపర్, డిజైన్ ఇంజినీరు పీటర్ స్లాప్కా నిర్ణయాలలోని పొరపాట్లే కూలడానికి కారణమని కమిషన్ తేల్చింది. ఆ పొరపాట్లను సాధారణ వృత్తి పరిజ్ఞానం లేకపోవడానికో, విధి పట్ల నిర్లక్ష్యానికో, ఖర్చు తగ్గించే తాపత్రయానికో అంటగట్టలేమని కూడా చెప్పింది. ఈ లెక్కన, అర్హత లేనివారిని వడకట్టే చట్టం ఆనాడు గట్టిగా అమలులో ఉన్నా, కూపర్ వంటి పేరుమోసిన ఇంజినీరును అది ఆపి ఉండేది కాదనే అనుకోవాలి.

2. చట్టాల తేదీలు. కెనడా సివిల్ ఇంజినీర్ల సంఘం 1887లో ఏర్పడింది. వృత్తిని అర్హులకే పరిమితం చేయాలన్న కోరిక దాదాపు అప్పటి నుంచీ ఉన్నదే. మానిటోబా 1896లో చట్టం చేసింది. క్విబెక్ 1898లో చేసింది. అంటే వంతెన కూలిన ప్రావిన్సులోనే, కూలడానికి 9 సంవత్సరాల ముందే, ఇంజినీర్లకు సంబంధించిన చట్టం ఉంది. అమలు బలహీనంగా ఉండేదన్నది నిజమే. అయినా చట్టం పుట్టుకను ప్రమాదానికి ముడిపెట్టడం మాత్రం కుదరదు.

రెండో విడత చట్టాలు 1920లో వచ్చాయి: బ్రిటిష్ కొలంబియా, అల్బెర్టా, మానిటోబా, క్విబెక్, న్యూ బ్రన్స్‌విక్, నోవా స్కోషియా. ఒంటారియోలో 1922లో, సస్కాచెవాన్‌లో 1930లో. ప్రమాదానికీ ఈ విడతకూ మధ్య 13 సంవత్సరాలూ ఒక ప్రపంచ యుద్ధమూ ఉన్నాయి. యుద్ధం తర్వాత వృత్తి హోదా గురించి, జీతాల గురించి ఇంజినీర్లలో పెరిగిన ఆందోళన ఇంతకంటే దగ్గరి కారణంగా కనబడుతుంది. వంతెన జ్ఞాపకం ఆ వాదనకు బలమిచ్చి ఉండవచ్చు. అంతకు మించి చెప్పడం తొందరపాటు.

3. ఉంగరం. 1922లో మాంట్రియల్‌లో జరిగిన ఇంజినీర్ల సమావేశంలో టొరంటో విశ్వవిద్యాలయ గనుల ఆచార్యుడు హాల్టేన్, పట్టా పుచ్చుకునే ఇంజినీర్లు ఒక ప్రమాణం చేయాలని ప్రతిపాదించారు. ఆ ప్రమాణ విధిని రడ్‌యార్డ్ కిప్లింగ్ రాశారు. తొలి వేడుక 1925 ఏప్రిల్ 25న మాంట్రియల్‌లో జరిగింది. తొలి ఉంగరాలు చేత ఇనుముతో చేసినవి, వంతెన ఉక్కుది. ఈ ఒక్క తేడాయే ప్రచారంలో ఉన్న కథను అనుమానించడానికి చాలు. వేడుకను నిర్వహించే సంస్థ కూడా ఆ కథను తోసిపుచ్చింది. పైగా ఉంగరానికీ లైసెన్సుకూ సంబంధం లేదు. ఉంగరం పెట్టుకున్నంత మాత్రాన ఎవరికీ నక్షాపై ముద్ర వేసే హక్కు రాదు.

4. జాతీయ సంస్థ. 1936లో ప్రావిన్సుల సంఘాలు కలిసి డొమినియన్ కౌన్సిల్‌ను ఏర్పరచుకున్నాయి. 1959లో అది కెనడా ప్రొఫెషనల్ ఇంజినీర్ల కౌన్సిల్ అయింది. 2007 నుంచి ఇంజినీర్స్ కెనడాగా వ్యవహారంలో ఉంది. పేరును బట్టి దేశానికంతటికీ లైసెన్సు ఇచ్చేది ఇదేనని అనుకునేవారు తక్కువేమీ కాదు. లైసెన్సు ఇచ్చేవి, ఫిర్యాదులు విచారించేవి, శిక్షించేవి ప్రావిన్సుల, ప్రాంతాల నియంత్రణ సంస్థలు; అవి 12. 1867 నాటి రాజ్యాంగ చట్టం ఆస్తి, పౌర హక్కుల విషయాలను ప్రావిన్సులకు వదిలింది కనుక, వృత్తుల నియంత్రణ కూడా వాటి పరిధిలోకే వచ్చింది. జాతీయ సంస్థ చేసేది ప్రధానంగా కోర్సులకు గుర్తింపు ఇవ్వడం (ఇందుకోసం 1965లో బోర్డు ఏర్పడింది), 12 సంస్థలూ ఒకే తీరున నడిచేలా మార్గదర్శకాలు తయారుచేయడం, విదేశీ ఒప్పందాలలో పాల్గొనడం.

5. జాతీయ సంస్థకూ నియంత్రణ సంస్థలకూ ఉన్న ఈ తేడా తెలుగు ఇంజినీర్లకు నేరుగా తగిలే చోటు, ఇంజినీరింగ్ కోర్సుల గుర్తింపును దేశాలు పరస్పరం అంగీకరించే వాషింగ్టన్ ఒప్పందం. 1989లో సంతకం చేసిన ఆరు దేశాలలో కెనడా ఒకటి. భారతదేశం 2014 జూన్‌లో, కోర్సులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌బీఏ ద్వారా, పూర్తి సభ్యత్వం పొందింది. ఆ తర్వాత మన బీటెక్ కెనడాలో చెల్లుతుందన్న మాట ఆంధ్ర, తెలంగాణ కళాశాలల్లో తరచు వినిపిస్తోంది. ఇందులో మూడు షరతులు దాగి ఉన్నాయి. ఎన్‌బీఏ టైర్-1 కింద గుర్తించిన కోర్సులకే ఒప్పందం వర్తిస్తుంది. టైర్-1లోకి వచ్చేవి ప్రధానంగా విశ్వవిద్యాలయాలు, స్వయంప్రతిపత్తి గల కళాశాలలు. గుర్తింపు కాలేజీకి కాదు, ఒక్కో కోర్సుకు, నిర్ణీత సంవత్సరాలకు ఇస్తారు. ఇక ఒప్పందం గుర్తించేది చదువును మాత్రమే. అనుభవం, వృత్తి నియమాల పరీక్ష, లైసెన్సు వేరు. అనుభవం విషయంలో 2023 మే నెలలో ఒంటారియో నియంత్రణ సంస్థ, కెనడాలోనే సంపాదించిన అనుభవం ఉండాలన్న షరతును తొలగించింది. విదేశాల్లో చదివి వెళ్లినవారికి ఇది పెద్ద ఊరటే. అయితే ఆ నిర్ణయం ఒంటారియోకే పరిమితం.

కాబట్టి కెనడా వెళ్లదలచిన తెలుగు విద్యార్థులు కళాశాల ప్రకటనను నమ్మే ముందు, తమ కోర్సుకు, తాము పట్టా పొందే సంవత్సరానికి టైర్-1 గుర్తింపు ఉందో లేదో ఎన్‌బీఏ జాబితాలో సరిచూసుకోవాలి. లైసెన్సు దరఖాస్తును ఇంజినీర్స్ కెనడాకు కాక, తాము పనిచేయబోయే ప్రావిన్సు నియంత్రణ సంస్థకు పంపాలి.