మొక్కమందుకు పరీక్ష ఏది? – మచిలీపట్నం వైద్యుని కాలం నుండి నేటి దాకా

ఉపోద్ఘాతం:
యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియాపై ఔషధమొక్కల సారాలను ప్రయోగించి చూడడం నేటి పరిశోధనల్లో ఒక ప్రధాన ధోరణి. అయితే మొక్కమందును ఏ ప్రమాణంతో పరీక్షించాలనే ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. దిగువ కృష్ణా డెల్టాలో పుట్టిన ఒక వైద్యుని కాలంలోనే అది చర్చకు వచ్చింది. ఆ చర్చ నేటి పరిశోధకునికి ఎలా ఉపకరిస్తుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

ప్లేగు వైద్యం – గోపాలాచార్యులు:
పండిత దీవి గోపాలాచార్యులు (1872–1920) మచిలీపట్నంలో జన్మించారు. బెంగుళూరులో ప్లేగు ప్రబలినప్పుడు హైమాది పానకం, శతధౌత ఘృతం అనే మందులతో చికిత్స చేసి ప్రసిద్ధి పొందారు. తరువాత మద్రాసులో ఆయుర్వేద బోధనకు అంకితమయ్యారు. ప్లేగు బాక్టీరియాను యెర్సిన్ 1894లోనే గుర్తించినా, దానిని చంపే యాంటీబయాటిక్ అప్పటికి లేదు. రోగి కోలుకోవడమే వైద్యునికి ప్రమాణం. కాని ఆ మందు వాడని రోగులతో పోల్చి చూడనిదే కోలుకోవడం మందు గుణమా, దేహబలమా అన్నది తేలదు.

కోమన్ నివేదిక – వైద్యుల ప్రతివాదం:
మద్రాసు ప్రభుత్వం 1918లో దేశీయ ఔషధాల పరిశోధనను డాక్టర్ కోమన్‌కు అప్పగించింది. ఆయన నివేదికలోని విమర్శలను ఆయుర్వేద పండితులు ఖండించారు. శాస్త్ర సిద్ధాంతం నుండి, యోగం నుండి విడదీసి ద్రవ్యాన్ని పరీక్షిస్తే దాని గుణం తెలియదన్నది వారి వాదసారం. 1921లో ఏర్పడిన ఉస్మాన్ కమిటీ 1923లో నివేదిక సమర్పించగా, 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల వెలసింది.

యాంటీబయాటిక్ యుగం:
మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన యల్లాప్రగడ సుబ్బారావు అనంతరం అమెరికాలోని లెడర్లీ పరిశోధనలకు సారథ్యం వహించారు. అక్కడ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. అదే టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందులను 1994 సూరత్ ప్లేగులో వాడారు. పండితుల వాదం ఇక కాలం చెల్లినట్టే కనిపించింది.

అయితే బాక్టీరియా నిరోధకత పెరిగాక ఆ వాదంలోని ఒక అంశం మళ్లీ ముందుకు వచ్చింది. దారుహరిద్ర ఏ ప్రజాతికి చెందినదో ఆ బెర్బెరిస్ మొక్కల్లో బెర్బెరిన్ ఉంటుంది. స్టెఫిలోకోకస్ ఆరియస్ తన కణంలో చేరిన బెర్బెరిన్‌ను ఒక ప్రోటీన్ పంపు ద్వారా బయటికి నెట్టివేస్తుంది. ఆ పంపును అడ్డుకునే మరో పదార్థం అవే మొక్కల్లో ఉందని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఈ రెండవ పదార్థం తానుగా బాక్టీరియాను చంపదు. బెర్బెరిన్‌తో కలిసినప్పుడే దాని విలువ తెలుస్తుంది. ఇది యోగాలన్నింటికీ రుజువు కాదు. విడదీసి చేసే పరీక్ష చాలదనడానికి మాత్రం బలమైన సాక్ష్యం.

ముగింపు:
మచిలీపట్నం, గుడివాడ ప్రాంతాల వేప, తిప్పతీగలనైనా, దివిసీమ మడచెట్లనైనా పరీక్షించేవారు పళ్లెంలో కనిపించే నిరోధ వలయంతో ఆగకూడదు. సారం అగార్‌లో ఎంత వ్యాపిస్తుందన్న దానిపై కూడా ఆ వలయం ఆధారపడుతుంది. కనిష్ఠ నిరోధక గాఢతను కొలవాలి. యాంటీబయాటిక్‌తో కలిపి చూడాలి. మానవకణాలకు హాని ఉందేమో తేల్చాలి. వైద్యుడు మందును తయారుచేసే పద్ధతిని నమోదు చేయాలి. కోమన్ కోరిన రుజువు, పండితులు కోరిన సమగ్రత రెండూ ఉన్నప్పుడే ఆ పరీక్ష సంపూర్ణమవుతుంది.