పాత మందకు కొత్త కాపరి

బిలాస్‌పూరులో గోల్ బజారు ఒక ఊరు, రైల్వే కాలనీ మరొక ఊరు. గోల్ బజారులో బేరమంతా హిందీలోను, ఛత్తీస్‌గఢీలోను సాగుతుంది. రైల్వేవారి బుధవారీ బజారులో చింతపండు ధర తెలుగులో అడిగినవానికి తెలుగులోనే జవాబు దొరకడము కద్దు. దీనికి కారణము ఇనుపదారి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ 1891 నాటికి నాగపూరు నుండి ఆసనసోలు వరకు మార్గమును తెరచినది. 1931లో విజయనగరము, రాయపూరుల మధ్య దారి పూర్తి అయినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతముల నుండి ఫిట్టర్లు, ఖలాసీలు, గుమాస్తాలు ఈ దారుల వెంట వచ్చి నిలిచిపోయినారు. కొందరు గ్రామదేవతను వెంట తెచ్చుకొన్నారు. కొందరు క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెచ్చుకొన్నారు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆ రెండవ వర్గమునకు చెందిన ఒక వృద్ధ పాస్టరుగారు నన్ను పిలిపించినారు. నేను క్రైస్తవుడను కాను. రెండు భాషలు తెలిసినవాడనని మాత్రమే ఆయన ఎరుగును. "మాస్టారూ, ఈ కీర్తనలు కొన్ని హిందీలో చేసిపెట్టగలరా? పెద్దవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకొని పాడతారు. పిల్లలు గడియారం చూస్తారు. ఇద్దరికీ నేనే కాపరిని" అన్నారు. ఆ మాట నాకు పట్టుకొన్నది. క్రొత్త సంఘమును స్థాపించినవారిని గూర్చి గ్రంథములు అనేకము. స్థాపింపబడి మూడు తరములు గడచిన సంఘమును నడిపించినవానిని గూర్చి వ్రాసినవారు అరుదు.

అనువాదకుడను గనుక ముందు మాటల వద్దనే ఆగిపోయినాను. సంఘమును హిందీవారు 'కలీసియా' అంటారు. అది అరబ్బీ పారసీకముల మీదుగా వచ్చిన గ్రీకు మాట. మనవారు 'సంఘము' అన్నారు. అది బౌద్ధుల నాటి నుండి మన నేలలో ఉన్న మాట. హిందీలో 'పాస్‌బాన్' అనగా కావలి కాయువాడు. మన 'కాపరి' కాయుటే కాక మేపవలె. 'పాద్రి' అన్నది పోర్చుగీసువారి 'తండ్రి'. పల్లెలలో 'అయ్యగారు' అన్న పిలుపు సరేసరి. కాయుట, మేపుట, తండ్రియై యుండుట, ఈ మూడును ఒక్క మనిషి మీద మోపిన పదవి ఇది. ఛత్తీస్‌గఢ్‌లో మరొకటి కూడ చేరినది: భూస్వామిత్వము.

రాయపూరు, బిలాస్‌పూరుల నడుమ మైదానములో విశ్రాంపూర్ అను గ్రామము కలదు. ఆస్కార్ లోర్ అను జర్మన్ మిషనరీ 1868లో ఈ ప్రాంతమునకు వచ్చినాడు. ఆయన తొలుత రాంచీలోని గోస్నర్ మిషనులో పనిచేసి, 1857 తిరుగుబాటు కాలములో అమెరికాకు పోయి, అక్కడి జర్మన్ ఎవాంజెలికల్ మిషన్ పక్షమున తిరిగి వచ్చినవాడు. గిరౌద్‌పురికి చెందిన గురు ఘాసీదాస్ బోధ ననుసరించిన సత్‌నామీలు విగ్రహారాధన లేనివారని విని, ఆ పంథ్ అంతయు ఒక్కుమ్మడిగా క్రీస్తును అంగీకరించునని ఆశపడినాడు. అట్లు జరుగలేదు. 1870లో తొలి బాప్తిస్మములు పొందినవారు ముగ్గురు. అయినను ఊరు పెరిగినది. వేయి ఎకరములకు పైబడిన భూమికి మిషనే మాల్గుజారు. 1896-97, 1899-1900 కరవులలో అనాథలు అక్కడ చేరినారు. పన్ను వసూలు చేయువాడు, తగవు తీర్చువాడు, గింజలు కొలిచి యిచ్చువాడు, ఆదివారమున రొట్టె విరిచి యిచ్చువాడు ఒక్కడే అయినాడు.

1890లో ఆ సంఘమునకు 'విశేష ఆజ్ఞాయేఁ' అని ఒక నియమావళి ఏర్పడినది. ఆ దేశమున భర్త పోయిన స్త్రీకి, భర్తను విడిచిన స్త్రీకి గాజులు తొడిగి మనువాడు ఆచారము కలదు. దానిని 'చూడీ' అంటారు. జనుల దృష్టిలో అది ధర్మమైన మారుమనువు. మిషనరీల దృష్టిలో వ్యభిచారము. అందుకై వెలివేతలు జరిగినవి. వెలివేసినవాని చేను, ఇల్లు కూడ మిషను ఊరిలోనివే. దండించువాడే గింజలు పెట్టువాడైనచోట పశ్చాత్తాపము ఏది, భయము ఏది అని ఎవరు తేల్చగలరు? నా మటుకు నాకు విశ్రాంపూర్ చరిత్రలో అన్నిటికన్న కఠినమైన ప్రశ్న ఇదే. 1950 నాటి శాసనముతో మాల్గుజారీ రద్దయినది. అంతకు ముందే మిషనరీల చేతి అధికారము దేశీయ పాస్టర్ల చేతికి వచ్చుట మొదలైనది. వచ్చినది ప్రసంగపీఠము, ధాన్యపు కొట్టు కాదు. మంద మాత్రము అలవాటు చొప్పున కొట్టు వైపే చూచినది. క్రొత్త కాపరిని పాత దొరతో పోల్చి తూచినది.

మన సీమలో ఒంగోలు కథ వేరు. అక్కడ 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో సంఘము ఏర్పడినది. జాన్ క్లౌ దొర పేరే లోకమున వినబడుతుంది గాని, ఊరూర తిరిగినవాడు తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వర్తకము చేసిన మాదిగ. అంతకు పూర్వమే యోగమార్గమున గురువులను ఆశ్రయించి సత్యమును వెదకినవాడు. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగము త్రవ్వించు పని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి యిచ్చినాడు. కూలికై మతము పుచ్చుకొన్నారన్న మాట రాకుండ ఆ కాలమంతయు బాప్తిస్మములు ఆపివేసినాడు. విశ్రాంపూర్ పక్కన పెట్టి చూచినప్పుడు ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. ఆపివేసిన కట్ట తెగినట్లు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు.

చరిత్రకారులు ఆ సంఖ్య వద్ద ఆగిపోతారు. నాకు ఆ మరునాటి సంగతి కావలె. చేరినవారికి నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు చిన్నవి. కాని జాతరలో డప్పు కొట్టుట మాదిగవాని మీద ఊరు మోపిన బాధ్యత. ఆదివారము నీరు తోడకపోతే రైతు చేను ఎండును. కాదన్నవారికి పని పోయినది. కొన్ని చోట్ల బావులు మూతపడినవి. అప్పుడు ఊరి మునసబు ముందు నిలిచి మాటలాడవలసినవాడు, ఒంగోలులోని దొర కాదు, పది ఊళ్ళకు ఒకడుగా ఉన్న బోధకుడు. అతనికి జీతము స్వల్పము. కళ్ళములో గింజలు ఇచ్చువారు మళ్ళీ ఆ మాదిగపల్లెవారే. మందయే కాపరిని మేపిన పద్ధతి ఇది.

డోర్నకల్లులో ఈ పద్ధతి వ్యవస్థగా స్థిరపడినది. వేదనాయకం సామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా ఈ అధ్యక్షమండలమునకు వచ్చినారు. తిరునల్వేలి సీమవారు, తెలుగు నేర్చుకొన్నారు. పేదవాడు ఇచ్చుటకు అర్హుడు కాడనుట పేదవానిని అవమానించుట అని ఆయన తలంపు. ఇంట బియ్యము పొయ్యిమీద పెట్టునప్పుడెల్ల స్త్రీలు ఒక పిడికెడు విడిగా తీసి సంఘమునకు దాచిరి. మీనారులు, గుమ్మటములు గల ఆ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైనది. ఆరేండ్లకు, 1945 జనవరి 1న ఆయన కాలము చేసినారు. పిడికెడు బియ్యపు కుండ చిన్నది. కాని తన వంతు వేసినవారు తమ కాపరిని ప్రశ్నింపగలరు. ప్రశ్న వినవలసి రావడము కాపరికి కష్టమే. విశ్రాంపూర్‌లో లేని గౌరవము కూడ అదే.

ఇక బిలాస్‌పూరు. ఇక్కడ డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషను 1885లో అడుగు పెట్టినది. బర్జెస్ స్మారక బాలికల పాఠశాల, జాక్‌మన్ స్మారక వైద్యశాల వారివే. 1970 నవంబరు 29న నాగపూరులో ఉత్తర భారత సంఘము ఏర్పడినప్పుడు డిసైపుల్స్‌వారును అందులో కలిసినారు. దక్షిణాన అట్టి ఐక్యత 1947లోనే జరిగినది. రైల్వే తెలుగువారికి భూమి లేదు, మాల్గుజారు లేడు, కళ్ళము లేదు. నెల జీతము, క్వార్టరు ఉన్నవి. ఉద్యోగ విరమణతో క్వార్టరు ఖాళీ చేయవలె. స్వగ్రామమున ఇల్లు కూలియుండును; ఇక్కడ పిల్లలకు హిందీయే ఇల్లు. "మా తాతగారి కాలములో ఇట్లు లేదు" అను మాట పాస్టరుగారు ప్రతి ఆదివారము వింటారట. ఆ తాతగారిని పాతిపెట్టినప్పుడు ఆయన ఇంకను పుట్టనైన లేదు.

కష్టము సరే, ఫలమేమిటని అడిగినాను. ఆయన బీరువాలోని బాప్తిస్మపు పుస్తకము తీసి చూపినారు. ఒక పుటలో తెలుగు లిపి, కొన్ని పుటలు దాటితే ఇంగ్లీషు, తరువాత నాగరి. "ఈ పిల్లకు నేనే నీళ్ళు పోసినాను. వాళ్ళమ్మకూ నేనే. అమ్మమ్మ పెండ్లి మా ముందటి అయ్యగారి చేతివ్రాత. ఆవిడ మొన్న పోయింది, సమాధి దగ్గర ప్రార్థన నాది. ఒక ఇంటిని ఇంత పొడుగున చూచే పని ఇంకెవరికి ఉంది మాస్టారూ?" అన్నారు.

కీర్తనలను హిందీలోనికి మార్చలేకపోయినాను. భావము వచ్చును, రాగమునకు అక్షరము కుదరదు. తుదకు తెలుగునే నాగరి లిపిలో వ్రాసి యిచ్చినాను. అందును ఒక చిక్కు: మన హ్రస్వములైన ఎకార ఒకారములకు వాడుకలోని నాగరిలో గుర్తులు లేవు. పిల్లలు తొలిసారి పాడిన నాడు నేను వెనుక బల్లమీద కూర్చొని విన్నాను. 'నెమ్మది' అన్నచోట 'నేమ్మది' అని సాగదీసినారు. ముందు వరుసలోని ముసలమ్మలు వెనుకకు తిరిగి చూచి, కొంగు అడ్డము పెట్టుకొని నవ్వినారు. ప్రార్థన ముగిసిన తరువాత దిద్దమందురా అని అడిగితే, పాస్టరుగారు "ఈ వారానికి ఉండనివ్వండి" అన్నారు.