మిద్దె మీద వానపాములు

మా ఇల్లు షోలాపూర్‌లో సాంచెల చప్పుడు ఆగని నేతకారుల వాడలో ఉంది. ఇక్కడి పద్మశాలీలు చాలామంది తెలంగాణ నుంచి వచ్చినవాళ్లే. ఊర్లో ఇంటి వెనక పెంటకుప్ప, దాని పక్కన బీరపాదు ఉండేవని అవ్వ చెప్తుంది. ఇక్కడ మాకు పెరడు లేదు. మిద్దె మీద ఏడు పాత డబ్బాల్లో వంకాయ, టమాట, మెంతికూర పెంచుతున్నాం. వాటికి యూరియా వెయ్యాలని నాన్న, వానపాముల ఎరువు వెయ్యాలని అవ్వ. ఈ వాదన ఎక్కడ మొదలైందో తెలుసుకుందామని నేను చరిత్ర చదివాను.

మొక్కలు నేలలోని ఖనిజ పోషకాలను తీసుకుంటాయని 1840లో జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ వివరించాడు. 1909లో హేబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేసి చూపించాడు. 1913లో బాష్ దానిని ఫ్యాక్టరీలో తయారుచేయించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అదే అమ్మోనియా పేలుడు పదార్థాలకు కూడా పనికొచ్చింది. మన దేశంలో సింద్రీ ఎరువుల కర్మాగారం 1951లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1960ల తర్వాత హరిత విప్లవంతో రసాయన ఎరువుల వాడకం బాగా పెరిగింది. దేశంలో తిండిగింజల కొరత తగ్గడానికి అవి కూడా ఒక కారణం. ఈ మాట ఒప్పుకోవాలి.

రెండో దారి కూడా పాతదే. వానపాములు నేలను ఎలా మారుస్తాయో డార్విన్ 1881లో ఒక పుస్తకమే రాశాడు. ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో మన రైతుల పద్ధతులు గమనించి, చెత్త, పేడ కలిపి కంపోస్టు చేసే ఇండోర్ పద్ధతిని రూపొందించాడు. మా షోలాపూర్‌లోనే 1933లో మెట్ట సేద్యంపై పరిశోధన మొదలైంది. వానలు తక్కువ పడే ఈ నేలలో గట్లు వేసి నీటిని ఆపడం, పశువుల ఎరువు వెయ్యడం ముఖ్యమని అక్కడివాళ్లు చెప్పారు. అలాంటి ఎరువు వేసిన మట్టి తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. తెలంగాణలో ఏనబావి అనే ఊరు 2006 నాటికి రసాయన ఎరువులు, పురుగుమందులు పూర్తిగా మానేసింది.

అయితే లెక్క కూడా చూడాలి. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు. వానపాముల ఎరువులో 1.5 శాతం ఉందనుకుంటే, అంత నత్రజనికి దాదాపు 1,380 కిలోల ఎరువు కావాలి. పెద్ద పొలానికి అంత ఎరువు దొరకడం కష్టం. మా ఏడు డబ్బాలకు కష్టం కాదు.

అందుకే ఒక టబ్బుకు కింద రంధ్రాలు చేసి, పేడ, కూరగాయల తొక్కలు వేసి వానపాములను వదిలాను. అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. ఆమె కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు ఊడ్చి అందులోనే వేశాను. నాలుగు రోజుల్లో పాములన్నీ చచ్చిపోయాయి. మా సైన్స్ సార్‌ను అడిగితే, ఆకుతోపాటు పొగాకు దుమ్ము కూడా పడి ఉంటుందని, పొగాకులోని నికోటిన్ వానపాములకు విషమని చెప్పారు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. అమ్మ చాట మీద నుంచి చెయ్యి తియ్యకుండానే, "అవి నాలుగు రోజులు ఆగలేదు. నేను ఇరవై ఏండ్ల సంది ఇదే పట్టుకున్న" అంది. ఆ రోజు నాన్న, అవ్వ ఎరువుల గురించి వాదించుకోలేదు.

ఇప్పుడు అమ్మ పొగాకు కలపకముందే తునికాకు ముక్కలను వేరే సంచిలో పెడుతుంది. చుట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్తే కట్టుకుంటోంది. రెండోసారి వదిలిన పాములు బతికాయి. రెండు నెలలకు నల్లటి ఎరువు తయారైంది. మాకు నీళ్లు రోజూ రావు. ఆ ఎరువు వేసిన డబ్బాల్లో మట్టి రెండో రోజు కూడా తడిగానే ఉంటోంది. నాన్న మిద్దె ఎక్కి మట్టిని వేలితో నొక్కి చూసి, "యూరియా తేనులే" అన్నాడు.

యూరియా చెడ్డదని నేను రాయడం లేదు. అది మొక్కకు త్వరగా తిండి పెడుతుంది. వానపాముల ఎరువు మట్టిని బాగు చేస్తుంది. మా మిద్దె మీద మాకు కావలసింది రెండోది.