నిజాం నగలు నేర్పే పాఠం

తాడేపల్లి నుంచి కృష్ణ దాటి హైదరాబాదు బస్సెక్కితే గంట తిరక్కుండానే పరిటాల వస్తుంది. సర్వీసులో ఉండగా మనమంతా ఎన్నోసార్లు ఆ దారిన వెళ్ళినవాళ్ళమే. చుట్టూ ఇంగ్లీషువారి రాజ్యం ఉండగా ఆ ఊరు 1947 దాకా నిజాం ఏలుబడిలో ఎందుకుందో చాలామందికి తెలియదు. సర్కారు జిల్లాలను కంపెనీకి వదులుకున్నప్పుడు కూడా వజ్రాల గనులున్న గ్రామాలను నిజాం తన కిందనే ఉంచుకున్నాడు. కారణం అదీ.

గోల్కొండ వజ్రాలు గోల్కొండలో పుట్టినవి కావు. గోల్కొండ వాటి అంగడి మాత్రమే. మన ఒడ్డున అమరావతికి ఎగువనున్న కొల్లూరు గనుల్లో 60,000 మంది పనిచేసేవారని 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ కొల్లూరు నేడు పులిచింతల నీటి కింద ఉంది.

అటువంటి రాళ్ళతో అసఫ్‌జాహీలు తరతరాలుగా నగలు కూడబెట్టారు. ఏడుపేటల ముత్యాల హారం, తలపాగాలో తురిమే సర్పేచ్‌లు, బాజుబందులు, వడ్డాణాలు, చివరికి షేర్వానీ గుండీలు కూడా వాటిలో ఉన్నాయి. విచిత్రమేమంటే, వాటన్నిటిలోకి పెద్దదైన జాకబ్ వజ్రం మన గనులది కాదు, దక్షిణాఫ్రికాది. దాని బరువు సుమారు 185 క్యారెట్లు. 1891లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దాని బేరంలో చిక్కుకుని, వ్యవహారం కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది. ఆ విసుగుతో ఆయన దాన్ని పట్టించుకోలేదనీ, తర్వాత కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు అది తండ్రి చెప్పు ముందుభాగంలో దొరికిందనీ, ఆయన కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడాడనీ చెబుతారు.

రాజ్యం పోయాక ఉస్మాన్ అలీఖాన్ ముందుచూపుతో 1951-52లో ఈ నగలను ట్రస్టుల కింద పెట్టాడు. తానూ, పెద్దకొడుకు ఆజం జా జీవించి ఉన్నంతకాలం అమ్మరాదని షరతు. నిజాం 1967లో, ఆజం జా 1970లో కన్నుమూశారు. ఆ తర్వాత అమ్మకం తలపెడితే బేరాలు, కోర్టు వ్యవహారాలతో పాతికేళ్ళు గడిచాయి. చివరకు 1995 జనవరిలో భారత ప్రభుత్వం 173 నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఎదురుచూసిన వారసుల్లో కొందరు ఆ డబ్బు కళ్ళ చూడకుండానే పోయారు. నగలు మాత్రం చెదిరిపోకుండా మిగిలాయి. 2001లోనూ 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శిస్తే జనం బారులు తీరి చూశారు. ప్రదర్శన లేనప్పుడు అవి రిజర్వు బ్యాంకు భద్రతలో ఉంటాయి.

మా నాయనమ్మకు ఒక కాసులపేరు ఉండేది. ఆమె పోయిన నెలలోపే ముగ్గురు బిడ్డలకూ సమానంగా రావాలని దాన్ని మూడు ముక్కలు చేయించారు. ఒక ముక్క మా చిన్నత్త కొడుకు చదువుకు ఫీజయింది. ఒకటి కరిగి గాజులయింది. మూడోదానిలో ఒక్క కాసు మా ఇంట మిగిలింది. నిజాం ఇంట నగలు నిలిచాయి, అనుభవించవలసినవాళ్ళు నిలవలేదు. మా ఇంట నగ పోయింది, ఒక పిల్లవాడు చదువుకున్నాడు. ఏది మేలో నేను తేల్చి చెప్పలేను. మా మేనత్తలిద్దరూ ఆ పంపకం దగ్గర మాట పట్టింపు వచ్చి పన్నెండేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదన్నది మాత్రం మరువలేను.

అందుకే సభ్య మిత్రులకు ఒక మనవి. పింఛను కాగితాల్లో నామినేషను రాయడం మరువని మనం ఇంట్లో ఉన్న నాలుగు నగల సంగతి మాత్రం రాయం. ఏది ఎవరికో, ఏది ఎవరి నుంచి వచ్చిందో ఒక కాగితం మీద రాసి, బ్రతికుండగానే పిల్లలందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. నేను మొన్న సంక్రాంతికి ఆ పని చేశాను. ఆ ఒక్క కాసు మనుమరాలికి. దానితోపాటు నాయనమ్మ పేరు కూడా.