పావలాకు పదహారు గీతలు

మా తాతగారి కొట్టుచిట్టా ఒకటి నా దగ్గర మిగిలింది. ఎర్రగుడ్డ అట్ట, దారంతో కుట్టిన పొడవాటి కాగితాలు, చెదలు తిన్న అంచులు. కృష్ణా జిల్లా పల్లెటూరిలో ఉప్పూ పప్పూ అమ్ముకున్న చిన్న కొట్టు అది. ఆ చిట్టాలో ఒకచోట ౧౹౼౹ అని వ్రాసి ఉంటుంది. చిన్నతనంలో ఆ గీతలను కొట్టివేతలనుకునేవాణ్ణి. అవి రూపాయి మీద అయిదణాల ఒక పైసా అని చాలాకాలానికి గాని తెలియలేదు.

మన పూర్వుల భిన్నాల లెక్క నాలుగు మీద నడిచింది. పూర్ణాంకం తరువాత మొదటి స్థానం నాలుగో వంతులది, రెండవది పదహారో వంతులది, మూడవది అరవైనాలుగో వంతులది. బేసి స్థానాలలో నిలువు గీతలు, సరి స్థానాలలో అడ్డగీతలు. ఒక నిలువు గీత పావు, రెండైతే అర, మూడైతే ముప్పావు. ఒక అడ్డగీత వీసం, అంటే పదహారో వంతు. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు పైసలు గనుక మొదటి గీత పావలా, రెండవది అణా, మూడవది పైసా అయి కూర్చున్నాయి. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్ 5.1లో చోటు దొరికింది. తాతగారు పుల్లకలంతో గీసిన గీతను ఈనాడు నేను ఇక్కడ అక్షరంగా వ్రాయగలుగుతున్నానంటే అందువల్లనే.

నాణెమే కాదు, కొలపాత్ర కూడా అదే దారిన నడిచేది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానిక అణాకైతే తవ్వ అర్ధణాకు, సోల పైసాకు. సగం సరుకుకు సగం వెల, శేషమన్న మాట లేదు. చదువురాని వారు కూడా మోసపోకుండా బేరమాడగలిగిన లెక్క అది.

1957 ఏప్రిల్ 1న ఈ లెక్క తలక్రిందులయింది. 1955లో సవరించిన నాణేల చట్టం ఆనాడు అమలులోకి వచ్చి, రూపాయిని నూరు నయాపైసలుగా పంచింది. ఆంధ్రప్రదేశ్ అవతరించి అప్పటికి అయిదు నెలలే. పావలా సరిగ్గా ఇరవై అయిదు, అర్ధరూపాయి యాభై. అంతవరకూ చిక్కు లేదు. చిక్కంతా పావలాకు లోపల వచ్చింది. అణా విలువ ఆరుంబావు నయాపైసలు, పాత పైసా విలువ ఒకటిన్నర మీద మరికొంచెం. సగానికి మించిన భిన్నాన్ని పూర్తి నయాపైసాగా లెక్కించాలి, సగమో అంతకు తక్కువో అయితే వదిలివేయాలి అన్నది నియమం. ఆ ప్రకారం అణాకు ఆరు, బేడకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, పాత పైసాకు రెండు నయాపైసలు.

వినడానికి న్యాయంగానే ఉన్నది. పాత పైసాకు ఎక్కువ ఇచ్చుకున్నది అర నయాపైసా కూడా కాదు. ఎవరు పట్టించుకుంటారు? కానీ ఆ మొత్తాన్నే నూటికెంత అని అడిగి చూడండి. 1.5625 ఇవ్వవలసిన చోట 2 ఇస్తే నూటికి ఇరవై ఎనిమిది అదనం. అణా సరుకు కొన్నవాడికి మాత్రం కాలు నయాపైసా మిగిలింది, అంటే నూటికి నాలుగు లాభం. పావలా సరుకు కొన్నవాడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. అందరికంటే తక్కువ కొనగలిగిన మనిషే అందరికంటే ఎక్కువ నష్టపోయింది.

తాతగారి చిట్టాలో ఆ యేడు వేసవి నుంచి ఒక కొత్త పుట మొదలవుతుంది. పైన పేరు లేదు, "పొడుం అవ్వ" అని మాత్రం ఉన్నది. దాని కింద గీతలు. పదహారు గీతలు నిండగానే "పావలా ముట్టినది" అని వ్రాసి, మళ్ళీ మొదటి గీత. అంతకుముందు ఆమె ఏ రోజు పైసా ఆ రోజే ఇచ్చి ముక్కుపొడుం కొనుక్కునేదట. మా నాన్నగారిని అడిగితే, "రోజుకు రెండేసి తీసుకుంటే పదహారు రోజులకు ముప్ఫై రెండవుతాయిరా, పావలాకు ఏడు ఎక్కువ. ఏడు నయాపైసలంటే ఆవిడకు నాలుగు రోజుల పొడుం" అన్నారు. తాతగారు చట్టాన్ని మీరలేదు. భిన్నం చెరిగిపోయే చోటు దాకా ఆగారు, అంతే.

చిన్న మొత్తాన్ని మొత్తంగా చెబితే కంటికి ఆనదు, వంతుగా చెబితే దాని బరువు తెలుస్తుంది. ఊళ్ళలో వడ్డీ మాట చూడండి. "మూడు రూపాయల వడ్డీ" అంటారు. మూడు రూపాయలేగదా అనిపిస్తుంది. అది నూటికి, నెలకు. ఏడాదికి ముప్ఫై ఆరు శాతం. అదే కొలతతో 2004లో రాష్ట్రప్రభుత్వం మహిళాసంఘాల అప్పులకు "పావలా వడ్డీ" అని పేరు పెట్టింది. నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు శాతం. మూడు రూపాయలకూ మూడు శాతానికీ నడుమ పన్నెండింతల దూరం ఉన్నది. ఆ దూరం తెలియక పొలం పోగొట్టుకున్నవారిని మా ఊళ్ళోనే చూశాను.

భాష మాత్రం రెండు లెక్కలనూ కలిపి దాచుకున్నది. ముప్పాతికలోని పాతిక నాలుగో వంతు, పాతిక రూపాయలలోని పాతిక నూటిలో ఇరవై అయిదు. నూటికి నూరుపాళ్ళు అనేవారే మరుక్షణం పదహారణాల తెలుగు అంటారు. 1964 జూన్ 1 నుంచి నయాపైసా వట్టి పైసా అయింది. 2011 జూన్ 30తో పావలా బిళ్ళ కూడా చెలామణి నుంచి తప్పుకున్నది.

అవ్వ పుట చివర పదకొండు గీతలే ఉన్నాయి. వాటి కింద "ముట్టినది" అన్న మాట లేదు. ఆ అయిదు గీతల లోటును తాతగారు ఏ ఖాతాలోనూ వ్రాయలేదు.