గంజాయి మందు కథ

మన వయసువారిని ఎక్కువగా బాధించేవి రెండు: కీళ్ల నొప్పులు, మతిమరుపు. ఈ రెండింటికీ గంజాయి నూనె చుక్కలు బాగా పనిచేస్తాయన్న మాట ఈ మధ్య మా కోకాపేటలో ఉదయం నడకకు వచ్చే పెన్షనర్లలో కూడా వినపడుతోంది. అందుచేత ఈ మొక్క చరిత్రను నాకు తెలిసినంతవరకు సభ్యుల ముందు ఉంచుతున్నాను.

గంజాయి మనకు కొత్తది కాదు. ఆయుర్వేదంలో దీనికి విజయ అని పేరు. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన ఐరిష్ డాక్టరు ఓషానెసీ కీళ్లవాతం, ధనుర్వాతం రోగులకు దీని సారం ఇచ్చి చూసి, 1839లో ఆ ఫలితాలు ప్రకటించారు. ఆ తర్వాతే పాశ్చాత్య వైద్యులు దీన్ని విరివిగా వాడసాగారు. తెలుగునాట బాపట్ల తాలూకా సంతరావూరు ప్రాంతంలో సర్కారు లైసెన్సుపై గంజాయి సాగు జరిగేది. బ్రిటిష్ ప్రభుత్వం 1893లో వేసిన కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి, మితంగా వాడితే పెద్ద చెరుపు లేదనీ, అతిగా వాడితే హానికరమనీ 1894లో తేల్చింది.

ఈ మొక్క లోపలి గుట్టు మాత్రం చాలాకాలం తెలియలేదు. మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థం నిర్మాణాన్ని ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మెషూలమ్, గవోని 1964లో వెల్లడించారు. మన మెదడులోనే సహజంగా తయారయ్యే అటువంటి పదార్థాన్ని 1992లో మెషూలమ్ బృందం కనుగొని, సంస్కృతంలోని ‘ఆనంద’ శబ్దంతో ఆనందమైడ్ అని పేరు పెట్టింది. అది పనిచేసే గ్రాహకాలు జ్ఞాపకాలను పదిలపరిచే మెదడు భాగంలో మెండుగా ఉన్నాయి. టీహెచ్‌సీ పోయి వాటినే పట్టుకుంటుంది. గంజాయి తాగినవాడు ఇప్పుడే విన్న మాట మరచిపోయేది అందుకే.

అయితే 2017లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం వారు ముసలి ఎలుకలకు అతి తక్కువ మోతాదులో టీహెచ్‌సీ ఇస్తే వాటి జ్ఞాపకశక్తి మెరుగుపడింది. కానీ లేత ఎలుకలకు అదే మోతాదు చెరుపు చేసింది. ఎలుకకు పనిచేసినది మనిషికీ పనిచేస్తుందని ఇంకా రుజువు కాలేదు.

ఇక సీబీడీ అనే మరో పదార్థం మత్తు కలిగించదు. జంతువుల్లో వాపును తగ్గించింది. 2018లో అమెరికా దీన్ని పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకు మందుగా ఆమోదించింది. కాని డెన్మార్కులో చేతి కీళ్ల నొప్పులున్న 136 మందికి రోజుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర కంటే మేలేమీ కనిపించలేదు.

మన దేశంలో 1985 చట్టం ప్రకారం గంజాయి పూత, బంక నిషిద్ధం. పూత లేని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఈ సందు చూసుకుని రకరకాల సీసాలు అమ్ముడవుతున్నాయి. సీబీడీ రక్తం పలచబరిచే వార్‌ఫరిన్ ప్రభావాన్ని పెంచగలదు. మనలో గుండె జబ్బు మాత్రలు వాడేవారు ఎందరో. కాబట్టి మిత్రులారా, డాక్టరుకు చెప్పకుండా ఏ చుక్కా నాలుకపై వేసుకోవద్దని మనవి.